వదిన చెవి, మరదలి నోరు

చెవిలో ఎక్కడో దూరంగా ‘టింగ్’ మంది. నిజంగానే అందా, అన్నట్టు అనిపించిందా అని తేల్చుకునేలోపే వదిన బొటనవేలు మీట నొక్కేసింది. నొక్కాక నాలుక కరుచుకుంది. అయ్యో, నొక్కకుండా ఉండాల్సింది కదా. వినపడగానే నొక్కమన్నాడు అద్దం అవతల కూర్చున్న పరీక్షల పెద్దమనిషి, అదీ నిజమే, కానీ వినపడకూడదనే కదా తను పొద్దున్నే తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని ఇంత దూరం వచ్చింది. నా చెవులు పోయుండాలి, ఒకటి కాదు, రెండూ పోయుండాలి అని బస్సులో దారి పొడుగునా మొక్కుకుంది. ఇలాంటి మొక్కు ఇంకెవరైనా మొక్కుకుంటారా? పైకి అంటే జనం నవ్విపోరూ! ఇంకో ‘టింగ్’. ఇది మరీ సన్నం. ఇది ఆ యంత్రం అన్నదా, నిన్నటినుంచీ తన బుర్రలోనే మోగుతున్నదా? వేలు మళ్ళీ నొక్కింది. ఛీ, ఈ వేలికి బుద్ధి లేదు. జీవితమంతా పేపరాఫీసులో ప్రూఫులు దిద్దిన చెయ్యి ఇది, తప్పు కనపడితే గీత పెట్టకుండా ఉండలేదు, చప్పుడు వినపడితే నొక్కకుండా ఉండలేదు.

గదంటే గది కాదు, బీరువా. గోడల నిండా చిల్లులున్న బూడిదరంగు పలకలు, అరచెయ్యంత మందం తలుపు, ఒక కుర్చీ, చెవుల మీద బరువుగా హెడ్‌ఫోన్, ఎదురుగా చిన్న అద్దపు కిటికీ. తలుపు వెయ్యగానే లోకమంతా ఒక్కసారి నోరు మూసుకుంది. ఇంత నిశ్శబ్దం మనిషికి మంచిది కాదు. మింగిన గుటక కూడా ఖాళీ బిందెలో రాయి వేసినట్టు వినపడుతోంది. ఇదిగో, ఇది వినపడటం కిందికి వస్తుందా రాదా? కడుపులో గురగుర, మెడలో నరం టకటక, ఇవన్నీ వింటున్న చెవిని చెడ్డ చెవి అంటారా ఎవరైనా? అద్దం అవతల పెద్దమనిషికి జలుబు. ఒక చేత్తో ముక్కు తుడుచుకుంటూ ఇంకో చేత్తో ఏదో తిప్పుతున్నాడు. ఆయన మొహంలో ఏమన్నా తెలుస్తుందేమోనని వదిన తొంగి చూసింది. ఆ మొహంలో జలుబు తప్ప ఏమీ లేదు.

వదిన అంటే పుట్టినప్పుడు పెట్టిన పేరేం కాదు. పిలుపు మొదలుపెట్టింది మరదలు. తన అన్నయ్యకి పెళ్ళయి ఈవిడ ఇంట్లో అడుగుపెట్టిన రోజున, “వదినా, వదినా” అంటూ ఇల్లంతా మైకు పెట్టినట్టు అరిచింది. ఆ అరుపు వీధిలోకి పోయి, వీధిలోంచి పేపరాఫీసుకి పోయి, చివరికి తనకన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాళ్ళయిన కంపోజిటర్లు కూడా “వదినగారూ, మూడో పేజీ ప్రూఫు” అనడం మొదలెట్టారు. మరదలి గొంతు అలాంటిది మరి. రైల్వేస్టేషన్‌లో అనౌన్సరు. పెళ్ళి చేసుకోవే అంటే, రైళ్ళన్నీ నేను చెప్పినట్టు వింటున్నాయి, మొగుడు వింటాడా అనేది. ఆ గొంతుతో ఇంట్లో ఉప్పు అడిగినా సరే, ఎక్కడో ప్రయాణికులు లేచి సామాను సర్దుకుంటారని అన్నయ్య ఏడిపించేవాడు. ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు. ఒక్క అక్షరం... ‘టింగ్’. వేలు నొక్కింది. ఈసారి వదిన వేలిని తిట్టలేదు. ఈసారి అది చెవిలోంచి రాలేదేమో, ఆ గొంతు తలుచుకోగానే తనకే గుండె జల్లుమందేమో. అలాంటప్పుడు నొక్కితే తప్పు నొక్కుడవుతుంది కదా, తప్పులు ఎక్కువైతే చెవులు పోయినట్టు లెక్క కడతారా, లేక పిచ్చిదని లెక్క కడతారా? ఏమిటో, ఒక్కటీ తెలిసి చావడం లేదు.

పేపర్లో వచ్చే మాటల ఆటని కనిపెట్టింది ఎవరంటే మాత్రం ఇద్దరూ నేనంటే నేనని కొట్టుకుంటారు. ఒకరోజు వదిన పిండి జల్లిస్తూ, ఇంగ్లీషువాడు దీన్ని ఫ్లవర్ అంటాడు, పువ్వునీ ఫ్లవర్ అంటాడు, వాడికి ఆకలేస్తే ఏది తింటాడే అంది. మరదలు పడి పడి నవ్వింది. స్పెల్లింగులు వేరే వదినా, అంది. స్పెల్లింగు కంటికి, చెవికేం తెలుసు, అంది ఈవిడ. అంతే, అక్కడ అంటుకుంది. ఇంగ్లీషులో సూర్యుడూ కొడుకూ వేరే వేరే బట్టలు కట్టుకుని తిరుగుతారు. మన అక్షరాల్లోకి రాగానే ఇద్దరూ ఒకటే ‘సన్’, ఎవరెవరో వాళ్ళ అమ్మ కూడా పోల్చుకోలేదు. మన అక్షరానికి ఎలా పలికితే అలా రాయడం తప్ప దొంగవేషాలు రావు కదా. కాబట్టి ఇంగ్లీషు చప్పుడుని మన అక్షరాల్లో రాసి, ఇందులో ఎన్ని మాటలు దాక్కున్నాయో చెప్పండి చూద్దాం అని ఆదివారం పేజీలో ఓ మూల అచ్చేశారు. ‘రైట్’ అంటే కుడి, ఒప్పు, రాయడం, ఇంకా ఆలోచిస్తే పెళ్ళికో చావుకో చేసే తంతు. ఒక్క చప్పుడు, నాలుగు మొహాలు. ఆ మూలకి ‘చెవిలో పువ్వు’ అని పేరు పెట్టింది మరదలే, దీంట్లో మాత్రం తగాదా లేదు. జనం ముందు ఆ మూల చదివి, తర్వాతే మొదటి పేజీ వార్తలు చదివేవాళ్ళు. పిల్లలు బస్సుల్లో ఒకళ్ళనొకళ్ళు అడుక్కునేవాళ్ళు. మంత్రి రాజీనామా చేసిన ఆదివారం కూడా ఆఫీసుకి ఫోన్లొచ్చాయి ‘మెయిల్’లో మగవాడు ఉన్నాడా లేడా అని.

పద్ధతి ఒక్కటే, ఇంతవరకూ మారలేదు. మరదలు వంటింట్లో, ముందుగది వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. వదిన ముందుగదిలో, వంటింటి వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. మధ్యలో గోడ. మరదలు తను ఏరుకున్న మాటలు ఒక్కొక్కటీ ఒక్కసారే చదువుతుంది, ముందూ లేదు, వెనకా లేదు, విడి మాట. వదిన చెవిలో పడ్డది పడ్డట్టు కాగితం మీద రాయాలి. ఆలోచించకూడదు, సర్దుకోకూడదు, మళ్ళీ చెప్పవే అనకూడదు. పెదాలు కనపడితే కన్ను వెళ్ళి చెవికి చాడీలు చెబుతుందని గోడ. తర్వాత ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, కలిసినవే పేపరుకి. కలవనివి పొయ్యిలోకి. కానీ పొయ్యిలోకి పోయినవి ఎన్నని, ఏడాదికి ఒకటో అరో, అదీ వీధిలో ఎవడో హారన్ కొట్టినందుకు.

ఈ ఆర్నెల్లనుంచీ కలవడం లేదు. మొదట్లో నవ్వుకున్నారు. మరదలి కాగితంలో ‘రైట్’ ఉంటే వదిన కాగితంలో ‘లైట్’. అక్కడ ‘సీ’ ఉంటే ఇక్కడ ‘షీ’. సముద్రం చదివితే ఆడమనిషి వచ్చిందేమిటి వదినా, అని మరదలు పొట్ట పట్టుకుంది. తర్వాత నవ్వు తగ్గింది. “నువ్వు చదివిందే అది.” “నేనెందుకు చదువుతాను, నా కాగితం చూడు.” “కాగితం కాదే, నోరు సంగతి.” “నా నోటికేమొచ్చింది? ఊరు ఊరంతా ఈ నోటి మాట విని బండెక్కింది. నువ్వే ముందు చెవులు కడుక్కో.” “నా చెవులకేం? పక్కింట్లో చెంచా పడితే నాకు వినపడుతుంది.” ఆ పంతంలోనే పోయిన నెల వదిన తన కాగితాన్నే నమ్మి, మరదలు రాసిన అర్థాల పైన ‘లైట్’ అని పెట్టి, అందులో కుడీ ఒప్పూ ఉన్నాయని అచ్చేసింది. ఉత్తరాలు వచ్చి పడ్డాయి. నిజంగానే చెవిలో పువ్వు పెట్టారు కదండీ అని ఒకాయన. ఆదివారం పేజీ చూసే అమ్మాయి ఏమీ అనలేదు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుంటారా వదినగారూ అంది, పాతది ఒకటి తీసి మళ్ళీ వేసింది. విశ్రాంతి! ఆ మాట వింటే వదినకి ఒళ్ళు మండింది. మండాక చల్లారింది. చల్లారాక భయం పట్టుకుంది.

‘టింగ్’. ఇది కుడి చెవిలో. ఇంతకు ముందువి ఎడమవా? ఎప్పుడు మార్చాడు? వేలు నొక్కింది. ఎంత సన్నగా ఉందో, దారప్పోగులా ఉంది, అయినా వినపడింది. వినపడుతోంది, ఖర్మ.

ఆయన్ని అడిగి చూసింది. ఆయనంటే మరదలికి అన్నయ్య, తనకి మొగుడు, ప్రెస్సులో మెషీను పక్కన నిలబడి నిలబడి ఎప్పుడో చెవులు ధారపోసిన మనిషి. చెవి మిషను చొక్కా జేబులో ఉంటుంది, చెవిలో తప్ప అన్నిచోట్లా ఉంటుంది. ఏమండీ, మీ చెల్లెలి మాటలో తేడా ఏమన్నా కనపడుతోందా అంటే, ఇద్దరూ శుభ్రంగానే అరుచుకుంటున్నారు కదా, నాకేం లోటు లేదు అన్నాడు. సాక్షిని చూస్తే ఇలాంటి సాక్షి. కానీ అందుకే, ఆయన్ని చూసే కదా ధైర్యం. చెవులు పోతే ఏమవుతుంది? ఏమీ అవదు. ఆయనకి పోలేదూ, బతకడం లేదూ, తినడం లేదూ, పేకాటలో తొండి చెయ్యడం లేదూ? నా చెవులూ పోతే అలాంటి మిషనే ఇంకోటి కొనుక్కుంటాను, ఇద్దరం జేబుల్లో పెట్టుకు తిరుగుతాం, మరదలు గొంతు చించుకుంటుంది. కొంపలేం మునగవు. కానీ అది చెవి కాకపోతే...

కాకపోతే అన్న చోటికి వెళ్ళకుండా వదిన మనసుని పక్కకి లాగింది. స్టేషన్‌కి లాగింది. పోయిన వారం ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది అక్కడికి. మరదలు రిటైరయినా ఆమె గొంతు రిటైరవలేదు, రికార్డు చేసి పెట్టుకున్నారు వాళ్ళు. నంబర్లు మారుతుంటాయి, గొంతు అదే. ప్లాట్‌ఫారం బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చుంది. “ప్రయాణికులకు విజ్ఞప్తి.” ఆహా, ‘ప్ర’ కింద ఆ వత్తు, ‘జ్ఞ’ దగ్గర ఆ నిదానం, అద్దం తుడిచి పెట్టినట్టుంది ప్రతి అక్షరమూ. అంత బాగా వినపడిందంటే చెవులు బాగున్నట్టే, చెవులు బాగున్నాయంటే మరి... ఆగు, ఆగు. అది వినడమా అసలు? ఆ వాక్యం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది తను. కంఠతా వచ్చిన మాటని చెవి వింటుందా, తలకాయ చెబుతుంటే చెవి ఊరికే ఊ కొడుతుందా? బెంచీ మీద ఇటు తిరిగి ఆలోచించింది, అటు తిరిగి ఆలోచించింది. రెండు బళ్ళు వెళ్ళిపోయాయి. ఏమ్మా, ఏ బండి తప్పిపోయింది అని టీ అమ్మేవాడు జాలిపడ్డాడు కూడా. ఏం చెబుతుంది, ఏ బండి తప్పిపోయిందో తనకే తెలియదు.

అసలు విచిత్రం ఇంకొకటుంది. మామూలు మాటల్లో ఏ తేడా లేదు. కూర బాగుంది, కరెంటు పోయింది, అన్నయ్య మళ్ళీ తొండి చేశాడు, ఇవన్నీ మరదలు అంటుంటే శుభ్రంగా వినపడతాయి. గోడ అవతల్నుంచి విడి మాట వచ్చినప్పుడే తకరారు. చెవిలో రోగముంటే అన్ని మాటలకీ ఉండాలి కదా. నోట్లో రోగమున్నా అన్ని మాటలకీ ఉండాలి కదా. ఈ లెక్క వదినకి ఎంతకీ తెగలేదు. తెగలేదా, తెగనివ్వలేదా? ప్రూఫులు దిద్దేవాళ్ళకి ఒక పాడు అలవాటు ఉంటుంది. కొత్తల్లో తప్పు కనపడితే దిద్దుతారు. ముదిరాక, కన్ను తప్పుని చూడకముందే బుర్ర ఒప్పుని చదివేస్తుంది. అందుకే పాత చేతులు దిద్దిన పేజీల్లోనే పెద్ద పెద్ద తప్పులు పోతుంటాయి, మొదటి పేజీలో ఊరి పేరే తప్పు పడుతుంది. వాక్యం అంటూ ఉంటే చాలు, ముందూ వెనకా చూసుకుని బుర్ర పూడ్చేసుకుంటుంది. విడి మాటకి ముందూ వెనకా ఉండవు. పూడ్చడానికి మట్టి దొరకదు.

విడి మాట అంటే, పేరు కూడా విడి మాటే. ఇందాక కింద, చీటీలు రాసే బల్ల దగ్గర ఏం జరిగింది? ఏమీ జరగలేదు. వదిన సంచీలో కళ్ళజోడు వెతుక్కుంటోంది. బల్ల అవతల పిల్ల, పేరు చెప్పండి అంది. మరదలు ముందుకి వంగి వదిన పేరు చెప్పింది. “ఏంటండీ?” అంది ఆ పిల్ల. మరదలు మళ్ళీ చెప్పింది. “ఏంటండీ?” ఈసారి ఆ పిల్ల చెవి దగ్గరికి పెట్టింది, కనుబొమలు ముడిచింది. అప్పుడు వదినే తలెత్తి చెప్పేసింది, రాసుకుంది. అంతే కదా. ఫ్యాను చప్పుడు. పక్కన ఎవరో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. ఆ పిల్లకి కూడా చెవుడేమో, ఆసుపత్రిలో ఉద్యోగం కదా, సగం జీతానికి వైద్యం కలిసొస్తుందని చేరిందేమో. వదిన అప్పుడు ఈ జోకే వేసింది. మరదలు నవ్వలేదు. మరదలు తన చేతులకేసి చూసుకుంటూ కుర్చీలో కూర్చుంది. ఎందుకు నవ్వలేదు? జోకు అంత బాగాలేకనా?

మామగారు కూడా ఇలాగే నవ్వడం మానేశారు మొదట. వద్దు, అటు పోవద్దు. పోవద్దంటే మనసు వింటుందా, ఈ బీరువాలో దానికి వేరే పనేముంది. మామగారిది స్కూల్లో లెక్కలు చెప్పిన గొంతు, కూతురికి వచ్చింది అక్కణ్ణుంచే. ఒక చలికాలం ఆయన ‘ర’ అనడం మానేశారు. ఎవరూ పట్టించుకోలేదు. వదిన అసలే పట్టించుకోలేదు, ఆయనేమన్నా అర్థమయ్యేది తనకి. నా కోడలికి నా మాట అరగకముందే అర్థమవుతుందని మురిసేవారు. ఆ మురిపెం ఎన్నాళ్ళని, ఆ తర్వాత ఆయనకి మింగుడు పడేది కాదు, నీళ్ళు కూడా చెంచాతో పట్టాల్సి వచ్చింది. పట్టింది తనే. చివరి రోజుల్లో ఆయన కళ్ళతో ఏదో అడిగేవారు, వదిన దాన్ని కూడా పూరించి, సరే మామయ్యా, అలాగే మామయ్యా అనేది. ఆయన అడిగింది అదేనో కాదో ఇప్పటికీ తెలియదు. ముందే చూపిస్తే ఇంకొన్నాళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళమని నరాల డాక్టరు అన్నాడు. ముందే అంటే ఎప్పుడండీ అని ఆయన్ని అడిగింది తనే. మాట తేడా వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరూ గమనించలేదా అన్నాడు. ఆ మనిషి మీద అప్పుడు ఎంత కోపం వచ్చిందని.

‘టింగ్’. వేలు లేచింది. ఆగవే, అంది వదిన. ఆగింది. జీవితంలో మొదటిసారి ఆ వేలు చెప్పిన మాట విన్నది. ఇంకో ‘టింగ్’, వదిన కిటికీలోకి అమాయకంగా చూస్తూ కూర్చుంది. ఇంకోటి. ఇంకోటి. ఇప్పుడు చప్పుడు పెద్దదవుతోంది, పాపం ఆ పెద్దమనిషి ముసలమ్మకి వినపడటం లేదని పెంచుతున్నాడు. గంట కొట్టినట్టుంది. వదిన కదల్లేదు. ఇదే మంచిది. చెవులు పోయాయని కాగితం మీద రాయించుకుని, బయటికి వెళ్ళి, మరదలి మొహం మీద ఆ కాగితం ఆడించి, నువ్వే గెలిచావు పోవే, నీ నోరు బంగారం, నా చెవులే బండలు అంటుంది. మరదలు ఎగిరి గంతేస్తుంది. ఈ ఆర్నెల్లుగా మరదలు రోజూ రాత్రి తలుపేసుకుని అద్దం ముందు ఏదో గొణుక్కోవడం ఉంది చూశారూ, అది ఆగిపోతుంది. ఆగిపోతుందా? కాగితం మీద రాయిస్తే ఆగిపోతుందా? ఆగితే చాలు, ఆగినట్టు కనపడినా చాలు. ఓరి దేవుడా, నేనేం చేస్తున్నాను? ‘టింగ్’. నొక్కాలా? నొక్కితే ఒకటి పోతుంది, నొక్కకపోతే ఒకటి పోతుంది. నొక్కలేదు. చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. గుటక చప్పుడు, మెడ చప్పుడు మిగిలాయి. చాలాసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడంలో, దోమ రెక్కంత సన్నగా, ఎవరో ఊదేసినట్టు, “అయిపోయిందమ్మా, అవి తీసేసి బయటికి వచ్చెయ్యండి” అని వినపడింది.

హమ్మయ్య అనుకుని వదిన హెడ్‌ఫోన్ తీసేసి లేచి నిలబడింది.

అద్దం అవతల పెద్దమనిషి ముక్కు తుడుచుకోవడం ఆపి ఆవిడకేసి చూస్తున్నాడు. అప్పుడు అర్థమైంది.

తలుపు తీసి ఆయనే లోపలికి వచ్చాడు. కోప్పడలేదు. “ఆకు కదిలినంత మెల్లిగా అన్నానండీ ఆ మాట. మీ వయసువాళ్ళలో సగం మందికి నేనేదో అన్నానని కూడా తెలియదు,” అన్నాడు. “మొదట్లో అన్నీ నొక్కారు. ఉన్నట్టుండి మానేశారు. పరిహారాల కోసం వినపడనట్టు నటించేవాళ్ళని రోజూ చూస్తుంటాం. మీకేం అవసరమొచ్చిందమ్మా?”

“నా చెవుల్లో ఏ లోపమూ లేదా బాబూ?” అంది వదిన. “కాస్తన్నా? ఒక్క చెవిలోనన్నా?”

“నిక్షేపంలా ఉన్నాయి. సంతోషించాలి మీరు.”

వదిన సంతోషించలేదు. కుర్చీలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయనకి పాపం ఏం చెయ్యాలో తోచలేదు. మంచి కబురు చెబితే ఏడ్చినవాళ్ళు ఆయనకి తగిలి ఉండరు. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు, జలుబు అంటుకుంటుందని గ్లాసు దూరంగా పెట్టాడు. చుట్టూ గోడలు ఆ ఏడుపుని ఒక్క చుక్క కూడా బయటికి పోనివ్వలేదు, ఆ గదికి ఉన్న మంచిగుణం అదొక్కటే.

బయట వరండాలో వరసగా ఇనపకుర్చీలు. చివరి కుర్చీలో మరదలు. వదిన తలుపు తీయగానే చూసి లేచింది. ఎర్రబడ్డ కళ్ళు చూసింది. ఒక్క క్షణం ఆ మొహం వెలిగింది, వదిన స్పష్టంగా చూసింది ఆ వెలుగుని. వదిన ఏడ్చిందంటే వదిన చెవులు పోయాయి, వదిన చెవులు పోయాయంటే తను బాగుంది. వెంటనే ఆ వెలుగుకి సిగ్గుపడి తల దించుకుంది. తనే కాదు, ఇదీ అదే మొక్కు మొక్కుకుంటూ కూర్చుంది ఇంతసేపూ. పిచ్చి మొహం. వదినకి దాన్ని పట్టుకుని ఊపెయ్యాలనీ, ఎత్తుకోవాలనీ రెండూ అనిపించాయి. మరదలు అడిగింది. ఈ ఆర్నెల్లలో మరదలు అన్న మాటలని ఇంతవరకు మీకు చెప్పినవన్నీ వదిన బుర్రలో దిద్దుకున్న మాటలే. ఈసారి వదిన దిద్దలేదు. గోడకి వీపు పెట్టి కూర్చున్నట్టుగా కళ్ళు మూసుకుని, పడ్డది పడ్డట్టు వింది.

“ఏవన్నాలు వయినా? చెవే కయా?”

అదీ దాని మాట. ఆర్నెల్లుగా ఇంట్లో తిరుగుతున్న మాట. తెల్లవారితే కూర గురించీ, కరెంటు గురించీ ఈ నోటే మాట్లాడుతోంది, తను బంగారంలా వింటోంది. అబద్ధం నాలుక చివర దాకా వచ్చి కూర్చుంది, అవునే చెవే, అని. ఎంత తేలిక. చెంచా పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది, సరే మామయ్యా అన్న నోరు గుర్తొచ్చింది.

“కాదే,” అంది. “నా చెవులు బాగున్నాయట.”

ఎవరో ముసలాయన వాళ్ళిద్దరి మధ్యనుంచీ కర్ర ఊపుకుంటూ వెళ్ళాడు, మరదలు ఆయనకి దారి ఇచ్చింది. తర్వాత, “నాకు తెలుషు,” అంది. ఇంకేదో అనబోయి మానేసింది. ఆ మానేసిన మాటేమిటో వదిన పూరించుకోలేదు. చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఇద్దరూ మెట్లు దిగి బల్ల దగ్గరికి వచ్చారు. బల్ల అవతల పిల్ల తలెత్తి, “మళ్ళీ మీరేనా? ఇప్పుడెవరికండీ?” అంది.

“తనకి. నరాల డాక్టరుకి,” అంది వదిన.

“పేరు?”

వదిన నోరు తెరిచింది. మరదలు వేళ్ళు ఆవిడ చేతిని గట్టిగా నొక్కాయి. వదిన నోరు మూసుకుంది. మరదలు బల్ల మీద చెయ్యి ఆనించి తన పేరు తను చెప్పుకుంది.

“ఏంటండీ?”

వదినకి ఆ పేరు తెలుసు. ఎలా పలకాలో, ఎక్కడ వత్తాలో ప్రాణం పోతున్నా చెప్పగలదు. గొంతు దాకా వచ్చిన దాన్ని మింగి, పెదాలు కూడా కదపకుండా గోడ వైపు తిరిగి నిలబడింది. వెనక మరదలు, మైకు ముందు నిలబడే రోజుల్లో చేసినట్టే, గొంతు ఒకసారి సవరించుకుని మళ్ళీ మొదలుపెట్టింది. వదిన వింది, పడ్డది పడ్డట్టు.